ఆ ఒక్క మాట దిద్దండి

సంపాదకులకు,

నమస్కారం. ఇంట్లో ఖాళీగా ఉండే కంప్యూటర్లను వైద్య పరిశోధనకు ఎలా ఇవ్వవచ్చో చెబుతూ కిందటి ఆదివారం మీ పత్రికలో ఒక వ్యాసం వేశారు. సంతోషంగా చదివాను. పదకొండేళ్లుగా నేను చేస్తున్న పని పత్రికలో కనిపించడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. కానీ అందులో రెండు చోట్ల ‘ఖర్చేమీ లేకుండా’ అనీ, ఒక చోట ‘వృథాగా పోతున్న కంప్యూటర్ శక్తి’ అనీ రాశారు. నాది ప్రూఫులు దిద్దే బతుకు. ఆ మూడు చోట్లా ఎర్ర పెన్నుతో గీత పడిపోయింది. గీసి ఊరుకోకుండా ఎందుకు గీశానో కూడా చెప్పాలి కదా, అందుకే ఈ ఉత్తరం.

నేను ఇంట్లోనే డీటీపీ చేస్తాను. పరిశోధన గ్రంథాలు, ప్రశ్నపత్రాలు, చిన్న పత్రికల పేజీలు. మా నాన్న లెటర్‌ప్రెస్ రోజుల్లో కంపోజిటరు. చూడకుండానే కేసులోంచి అక్షరం తీసి స్టిక్‌లో పేర్చే చేతులు ఆయనవి. ఆ చేతులే చివర్లో వణికి వణికి చెంచా కూడా పట్టనివ్వలేదు. డాక్టరు పార్కిన్సన్స్ అన్నారు. మెదడు కణాల్లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ మడత తప్పి గడ్డలు కడుతుందని చెప్పారు. ప్రొటీన్‌కు మడత ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. ‘అక్షరం తిరగబడితే మాట మారిపోదూ, అలాంటిదేనేమో’ అన్నాడు నాన్న. శాస్త్రం ప్రకారం అది ఎంతవరకు సరైనదో గానీ, నాకు ఇప్పటికీ అదే అర్థం.

ఆ రోజుల్లోనే మా మేనల్లుడు సెలవులకు వచ్చి, ‘అత్తా, నీ కంప్యూటర్ సగం రోజు ఊరికే ఉంటుంది కదా, తాతయ్య జబ్బు మీద లెక్కలు చేయిద్దామా’ అని ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే ప్రోగ్రామ్ పెట్టాడు. 2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే బృందం మొదలుపెట్టిన పథకం ఇది. ప్రొటీన్లు ఎలా మడత పడతాయో, ఎలా కదులుతాయో కంప్యూటర్ల మీద అనుకరించి చూస్తారు. ఒక్క కంప్యూటర్‌కు ఇస్తే ఎన్నో ఏళ్లు పట్టే లెక్కను ముక్కలు చేసి వేలాది ఇళ్లకు పంపుతారు. ఏ జబ్బు మీద పనిచేయాలని మనకుందో చెప్పుకోవచ్చు కూడా. పార్కిన్సన్స్ అని నొక్కాను. అది కోరిక మాత్రమే, హామీ కాదు. ఆ పని అందుబాటులో లేనప్పుడు ఇంకోటి ఇస్తారు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మొదట్లో చేసినవన్నీ పొరపాట్లే. లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి రాత్రంతా నడపనిచ్చాను. అడుగున గాలి పోయే దారి లేదు, లోపల ఫ్యాన్ నిండా దుమ్ము. తెల్లారేసరికి వేడికి తనంతట తనే ఆగిపోయి ఉంది. సేవ్ చేయని రెండు పేజీల విషయసూచిక పోయింది. దాన్ని మళ్లీ కూర్చుకోవడానికి ఒక పూట పట్టింది. ఆ ఉత్సాహంలోనే బాయింక్ కూడా పెట్టుకున్నాను. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ప్రోగ్రామ్ అది. దాన్ని ఒక సంచి అనుకోవచ్చు, అందులో ఎన్ని పథకాలైనా వేసుకోవచ్చు. నేను ఆరు వేశాను. వాటిలో ఒకటి ఆక్స్‌ఫర్డ్ వాళ్ల వాతావరణ నమూనా. అది వందల గంటల పని అని చూసుకోలేదు. రోజూ అంకె ఒక శాతం కూడా కదిలేది కాదు. చివరికి నేనే రద్దు చేశాను. అక్కడ ఎవరో నా జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు వారం పాటు మనసు పీకింది. నిజానికి మనం వదిలేసిన ముక్కను సర్వర్ ఇంకొకరికి పంపుతుంది, మహా అయితే ఆలస్యమవుతుంది. అయినా మొహమాటానికి విస్తరి నిండా వడ్డించుకుని సగం వదిలేసినట్టే కదా.

ఇక ఖర్చు సంగతి. ప్లగ్గుకూ గోడకూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ ఒకటి కొన్నాను. మానిటర్ కాకుండా నా డెస్క్‌టాప్ ఒక్కటే ఊరికే వెలుగుతున్నప్పుడు 48 వాట్లు చూపించింది. పరిశోధన పని ప్రాసెసర్ మొత్తాన్ని వాడుకుంటున్నప్పుడు 121. తేడా 73 వాట్లు. ఆ 73 వాట్లు ఎక్కడో వృథాగా పోతూ ఉండి మనం ఏరుకున్నవి కావు, మీటరు కొత్తగా లెక్కగట్టినవి. ఈ రోజుల్లో ప్రాసెసర్ పని లేనప్పుడు తన వేగాన్నీ కరెంటునూ తనే తగ్గించుకుంటుంది. అంటే ఖాళీగా ఉన్న కంప్యూటర్ నిద్రపోతోంది. మనం దాన్ని లేపి పని చెబుతున్నాం.

ఇంకో మెలిక ఉంది. ‘రాత్రిళ్లు ఎలాగూ ఖాళీయే కదా’ అని మీ వ్యాసంలో రాశారు. రాత్రిళ్లు నేను కంప్యూటర్ ఆపేసి పడుకుంటాను! పరిశోధన కోసమే వదిలేసి ఉంచితే 73 కాదు, 121 వాట్లూ దాని ఖాతాలోకే వస్తాయి. ఎనిమిది గంటలకు దాదాపు ఒక యూనిట్, నెలకు 29 యూనిట్లు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజున రాత్రి నడపడం మానేశాను. పగలు ఎలాగూ కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది. ప్రూఫులు కాగితం మీద దిద్దుతూ కూర్చున్న గంటల్లో దాన్ని పనికి పెడతాను. రోజుకు అయిదు గంటలు అనుకోండి, యూనిట్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలైన కోర్లలో సగమే వాడుకోమని సెట్ చేశాను కాబట్టి అంత కూడా కాదు. ఫ్యాన్ మోత కూడా తగ్గింది. ఈ ఖర్చు నేను తెలిసే పెడుతున్నాను. చందా ఇచ్చేవాళ్లు ఎంత ఇస్తున్నారో తెలుసుకుని ఇస్తారు కదా, ఇదీ అంతే. ‘ఖర్చు లేదు’ అని చెప్పి దింపితే మొదటి బిల్లు రాగానే మానేస్తారు. అలా మానేసినవాళ్లను ముగ్గురిని చూశాను.

‘వృథా శక్తి’ అన్న మాట మీ వ్యాసకర్త ఊహించి రాసింది కాదు, దానికి చరిత్ర ఉంది. 1999 మే 17న బర్కిలీ వాళ్లే సెటి ఎట్ హోమ్ మొదలుపెట్టారు. ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు పట్టిన సంకేతాల్లో గ్రహాంతరవాసుల జాడ ఏమైనా ఉందా అని ఇళ్లలోని కంప్యూటర్లతో వెతికించారు. స్క్రీన్‌సేవర్ రూపంలో వచ్చేది. అప్పటి ప్రాసెసర్లకు ఖాళీగా ఉన్నా పనిచేస్తున్నా కరెంటు వాడకంలో ఇప్పుడున్నంత తేడా ఉండేది కాదు. కాబట్టి ఆ మాట అప్పట్లో చాలావరకు నిజమే. కంప్యూటర్లు మారాయి, మాట మాత్రం అచ్చులో అలాగే ఉండిపోయింది. పాత ప్లేటుతో కొత్త ఎడిషన్ వేసినట్టు. 50 లక్షల మందికి పైగా పాల్గొన్న ఆ పథకం 2020 మార్చి 31 నుంచి కొత్త పని పంపడం ఆపేసింది. గ్రహాంతరవాసులు దొరకలేదు. కానీ ఇంత మంది అపరిచితుల కంప్యూటర్లతో సైన్సు పని నమ్మకంగా చేయించవచ్చని తేలింది. నాకు అదేమీ చిన్న సంగతిగా అనిపించదు.

‘నమ్మకంగా’ అన్నాను. దాన్ని కాస్త విడమరుస్తాను, ఎందుకంటే ఇది మా ప్రూఫుల వాళ్లు ఇట్టే పట్టుకునే విషయం. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇంటి కంప్యూటర్ పంపిన జవాబును శాస్త్రవేత్త ఎలా నమ్మాలి? అది వేడెక్కి తప్పు లెక్క చేసి ఉండవచ్చు. చేసిన పనికి ఇచ్చే పాయింట్ల కోసం ఎవరైనా దొంగ జవాబు పంపవచ్చు, సెటి తొలిరోజుల్లో అలాంటివాళ్లు ఉన్నారు కూడా. బాయింక్ పథకాలు చాలావాటిలో దీనికి మందు ఏమిటంటే, ఒకే ముక్కను ఒకరికొకరు తెలియని ఇద్దరికి పంపడం. జవాబులు కలిస్తే తీసుకుంటారు, కలవకపోతే మూడో మనిషికి పంపుతారు. ముఖ్యమైన పుస్తకమైతే మేమూ ఒకే గ్యాలీని, అంటే దిద్దడానికి తీసిన అచ్చు కాగితాన్ని, ఇద్దరికి ఇస్తాం, ఇద్దరూ ఒకే చోట గీత పెడితే అది తప్పే. గీతలు తేడా వస్తే పెద్దాయన దగ్గరికి పోతుంది. మా కుర్చీల్లో జరిగేదే అక్కడ యంత్రాలు చేస్తున్నాయని తెలిసిన రోజున నాకు ఈ పథకాల మీద గురి కుదిరింది.

గడువు కూడా మా వ్యాపారంలో లాంటిదే. ప్రతి ముక్కకూ ఫలానా తేదీలోగా అని ఉంటుంది. దాటితే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. రోజుకు అయిదు గంటలే నడిపే నాలాంటివాళ్లు చిన్న ముక్కల పథకాలు ఎంచుకోవడం మంచిది. మధ్యలో ఆపితే మొత్తం పోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. చేసినంతవరకు అప్పుడప్పుడు గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత అక్కడి నుంచే ఎత్తుకుంటుంది.

‘ఇంతకీ ఏం సాధించావు’ అని మా చెల్లెలు ఏటా అడుగుతుంది. నేను సాధించింది ఏమీ లేదు. నా కంప్యూటర్ లెక్కతో ఒక మాత్ర తయారైందని ఎవరైనా చెబితే నేనే నమ్మను. నాన్న పోయి ఆరేళ్లయింది, ఆయనకు ఇదేదీ అందలేదు, అందుతుందని మొదలుపెట్టినప్పుడు కూడా అనుకోలేదు. అయితే అందరి లెక్కలూ కలిస్తే వచ్చినవి ఉన్నాయి. 2004లో ఐబీఎం మొదలుపెట్టిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ ఉంది, ఇప్పుడు దాన్ని టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థ చూస్తోంది. అందులో పసిపిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ మీద జపాన్ శాస్త్రవేత్తలు లక్షల కొద్దీ రసాయనాలను కంప్యూటర్లలోనే జల్లెడ పట్టించి, ఆశ కలిగించే 7 సమ్మేళనాలు దొరికాయని 2014లో ప్రకటించారు. సమ్మేళనం దొరకడం వేరు, మందు కావడం వేరు. మధ్యలో ఏళ్లూ పూళ్లూ పడతాయి, చాలావి దారిలోనే రాలిపోతాయి. వ్యాసంలో ఆ తేడా కూడా చెప్పి ఉంటే బాగుండేది. అదే ఏడాది ఈ వార్త చదివే నేను నిలబడిపోయాను, లేకపోతే లాప్‌టాప్ దెబ్బకే మానేసేదాన్ని.

నాకు మరీ ఇష్టమైన కథ మాత్రం వైద్యానిది కాదు. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే పథకంలో, అరెసిబో డేటాలోంచే, 2010లో ఒక కొత్త పల్సార్ దొరికింది. గిర్రున తిరుగుతూ రేడియో సంకేతాలు వెదజల్లే నక్షత్రం అది. ఆ సంకేతం అమెరికాలో ఒక దంపతుల కంప్యూటర్‌లోనూ, జర్మనీలో ఒకాయన కంప్యూటర్‌లోనూ బయటపడింది. చూశారా, మళ్లీ ఇద్దరు ప్రూఫ్‌రీడర్లు!

2020 గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. ఆ మార్చిలో ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో కోవిడ్ వైరస్ ప్రొటీన్ల మీద పని మొదలైందని తెలిసి జనం ఎగబడ్డారు. నా కంప్యూటర్ పని అడిగితే ‘ప్రస్తుతం లేదు’ అని వచ్చేది. దానం పట్టేవాళ్ల చేతులు చాలక దాతలు వరసలో నిలబడ్డట్టు ఉండేది. సర్వర్లు పెంచాక, ఇళ్లలోని యంత్రాలన్నీ కలిసి సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాల లెక్కలు దాటాయి. ఒకే చోట ఉన్న సూపర్ కంప్యూటర్‌లో ఆ మెట్టు అధికారికంగా దాటిన మొదటిది ఫ్రాంటియర్, అదీ 2022లో. వైరస్ పైనుండే ముళ్లలాంటి స్పైక్ ప్రొటీన్ ఎలా తెరుచుకుంటుందో, మామూలు చిత్రాల్లో కనబడని సందులు ఎక్కడ తెరుచుకుంటాయో ఆ లెక్కల్లో చూశారు. మందు అణువు పట్టుకోవడానికి అలాంటి సందే కావాలి. ఇంత చేస్తే అంతా కలిపి వాళ్లు చూడగలిగిన ప్రొటీన్ కదలికల కాలం సెకనులో పదో వంతు! నెలల తరబడి లక్షల కంప్యూటర్లు చెమటోడ్చి రెప్పపాటు చూశాయి. అణువుల లోకంలో అది చాలా పెద్ద కాలమట. ఆ అంకె చదివి పెన్ను కింద పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

‘ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, ఇవన్నీ ఎందుకు’ అంటాడు అదే మేనల్లుడు, వాడే నాకు అంటించి. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ ప్రొటీన్ ఆకారాన్ని నిమిషాల్లో ఊహించి చెబుతుంది, నిజమే. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం దాన్ని తయారుచేసిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చింది. మిగతా సగం డేవిడ్ బేకర్‌కు వచ్చింది. ఇళ్లలోని కంప్యూటర్లతో ప్రొటీన్ల ఆకారాలు వెతికించే రోజెట్టా ఎట్ హోమ్ అనే పథకం పుట్టింది ఆయన ల్యాబులోనే. దాని స్క్రీన్‌సేవర్‌లో ప్రొటీన్ మడత పడటం చూసిన జనం ‘ఇంతకన్నా మేమే బాగా మడతపెట్టగలం’ అని అనడంతో ఫోల్డిట్ అనే ఆట కూడా పుట్టింది. ఆకారం ఒకటి తెలిసినంత మాత్రాన పని అయిపోదు. ప్రొటీన్ కదులుతుంది, వంగుతుంది, తెరుచుకుంటుంది. గడ్డకట్టడం కూడా ఒక కదలికే. దాన్ని క్షణక్షణం వెంబడించి చూడాలంటే ఇప్పటికీ లెక్కల మోత తప్పదు. మోత తగ్గి, మా కంప్యూటర్లు ఇక వద్దంటే ఆపేద్దాం. సెటి వాళ్లు అలాగే చెప్పి ఆపారు, ఎవరూ నొచ్చుకోలేదు.

మరో రెండు ముక్కలు, మీ పాఠకుల్లో కొత్తగా చేరేవాళ్ల కోసం. ఆఫీసు కంప్యూటర్లలో అడగకుండా పెట్టకండి. నేను ఇదివరకు పనిచేసిన చోట ఒకబ్బాయి మంచి మనసుతోనే పది సిస్టముల్లో పెట్టాడు. కంప్యూటర్లు ఎందుకు నెమ్మదించాయో తెలియక యాజమాన్యం వైరస్ అనుకుంది. ఉద్యోగం పోలేదు గానీ చాలా మాటలు పడ్డాడు. మన కరెంటు మన ఇష్టం, ఎదుటివాళ్ల కరెంటు దానం చేసే హక్కు మనకు లేదు. ఆ పథకాల నిబంధనల్లోనూ ఉంటుంది ఇది. ప్రోగ్రామ్‌ను ఆయా సంస్థల సొంత సైటు నుంచే దించుకోవాలి. ఎవరో మెసేజ్‌లో పంపిన లింకు నొక్కితే పరిశోధన పేరుతో ఎవరికోసమో బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో నాణేలు తవ్విపెట్టే దొంగ ప్రోగ్రామ్ దిగే ప్రమాదం ఉంది.

‘నెలకెంత వస్తుంది’ అనేది నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న. ఏమీ రాదు. పాయింట్లు వస్తాయి, వాటితో ఏమీ కొనలేం. ఆ పాయింట్ల పట్టికలో పైకెక్కాలని కొత్త గ్రాఫిక్స్ కార్డులు కొని గదిని పొయ్యి చేసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల వల్ల సైన్సుకు లాభమే, కాదనను. కానీ దీనికోసమే యంత్రం కొనాలని ఎవరైనా నన్ను అడిగితే వద్దంటాను, ఆ డబ్బేదో నేరుగా ఒక పరిశోధన సంస్థకు పంపమంటాను. ఉన్నదాన్ని వాడటంలోనే దీని అందం.

పాత ఫోనుతోనూ చేయవచ్చు. ఆండ్రాయిడ్‌లో బాయింక్ మామూలుగా ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు, వైఫై ఉన్నప్పుడు, బ్యాటరీ 90 శాతం దాటాకే పనిచేస్తుంది. ఆ సెట్టింగులు మార్చకండి. నేను మార్చి ఒక ఫోను బ్యాటరీ ఉబ్బిపోయేదాకా తెచ్చుకున్నాను. ఇప్పుడు ఫోనును ఈ పనికి వాడటమే మానేశాను.

మీరు ఆ వ్యాసాన్ని మళ్లీ ఎప్పుడైనా వేస్తే ‘ఖర్చేమీ లేకుండా’ తీసేసి, ‘కొద్దిపాటి కరెంటు ఖర్చుతో’ అని దిద్దండి. వాట్ మీటరు లెక్క ఒకటి పక్కన బాక్సులో వేస్తే ఇంకా మంచిది. నా అంకెలు వాడుకోవచ్చు, కానీ ఎవరి యంత్రం వాళ్లు కొలుచుకోవాలని కింద రాయండి. అన్నట్టు ‘ప్రొటీన్’ను మూడో పేరాలో ‘ప్రోటిన్’ అనీ, ఆరో పేరాలో ‘ప్రొటిన్’ అనీ వేశారు. ఏదో ఒకటి ఉంచండి.

ఈ ఉత్తరం టైపు చేస్తుంటే నాకు వేగం కావాలని పరిశోధన పనిని కాసేపు ఆపి పెట్టాను. 62 శాతం దగ్గర ఉంది, గడువు ఎల్లుండి. ఇక దాన్ని మళ్లీ మొదలుపెట్టి, నాకోసం కాచుకుని ఉన్న ప్రూఫుల దగ్గరికి వెళ్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక డీటీపీ ఆపరేటరు